తెల్ల బండి అని చెప్పింది నేనే

అజీజ్‌నగర్,
జూన్ 9

అక్కకు దాసు వందనాలు.

మొన్న ఫోన్ చేస్తే నువ్వు "ఎవరు, ఎవరు" అని మూడుసార్లు అడిగి పెట్టేశావు. చెవి మిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో గొంతు తెలియడం లేదని జానీ చెప్పాడు. టైపు చేసి పంపడం నాకు చేతకాదు. అందుకే కాగితం పట్టుకున్నాను. జానీ ఆటో ఎట్లాగూ రోజూ మొయినాబాద్ నుంచి చేవెళ్లకు తిరుగుతుంది. మన మేనమామ కొడుకు ఆ మాత్రం పని చేయడా? నువ్వు కూడా వాడి చేతికే ఇవ్వు. ఒక్క మాట, నల్ల ఇంకుతో జర పెద్దగా రాయి, బడిలో బోర్డు మీద రాసినట్టు.

ఈ ఫామ్‌హౌస్‌లో డ్రైవర్‌గా నాకు ఇరవై రెండో ఏడు నడుస్తోంది. పక్క గదిలో తోటపని చేసే కుర్మయ్య, అతని భార్య నీలమ్మ ఉంటారని నీకు తెలుసు. నా విమల పోయినప్పటి నుంచి నేను ఏం తింటున్నానని నువ్వు దిగులు పడుతుంటావు. సగం రోజులు నీలమ్మ ఇంటి కూరే. అడగకుండానే గిన్నె గడప మీద పెట్టి పోతుంది.

అసలు సంగతి ఇది. సార్ కొత్త కారు కొంటున్నారు. రెండు బండ్ల దగ్గర ఆగిపోయారు. రెండూ విదేశీ కంపెనీలవే, రెండూ పొడుగాటి సెడాన్లే, రెండూ పరుగు కోసం చేసినవే. ఒకటి తెల్లది, ఒకటి నీలిది. సార్ అల్లుడు ఒకటి అంటాడు, బిడ్డ ఇంకొకటి అంటుంది. నిన్న అందరూ కూర్చొని ఉండగా సార్ నన్ను లోపలికి పిలిచి, "దాసూ, నడిపేది నువ్వు. రెండూ నడిపి చూడు. నువ్వు ఏది అంటే అదే తెద్దాం" అన్నారు.

ట్రాక్టరుతో మొదలుపెట్టి లారీ, జీపు, వ్యాను, ఎన్ని నడిపానో. ఇది ఎట్లా ఉంది దాసూ అని కొన్న తర్వాత అడిగినవాళ్లు ఉన్నారు గానీ, కొనకముందు అడిగినవాళ్లు లేరు. ఆ మాట విన్నప్పుడు బాపు బతికి ఉంటే బాగుండేదనిపించింది.

జెన్నీ ఆదివారం హాస్టల్ నుంచి నీ దగ్గరికి వస్తే వాళ్ల నాన్న చెప్పాడని చెప్పు, నర్సింగ్ ఆఖరి ఏడాది కదా, సెలవులు పెట్టొద్దని.

నీ తమ్ముడు,
స్వామిదాసు


చేవెళ్ల,
జూన్ 16

తమ్మీ,

నీ ఉత్తరం జానీ తెచ్చి ఇచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఏదో చెడు వార్త అనుకున్నాడట. "కార్ల సంగతి" అంటే నవ్వుకుంటూ పోయాడు.

సార్ నిన్ను అడిగారంటే నాకు గర్వంగా ఉంది. ప్రార్థన తర్వాత సంఘంలో నలుగురికి చెప్పాను కూడా. "మా తమ్ముడు చెప్పిందే కొంటారట" అని. నాకు కార్ల గురించి ఏం తెలుసు? తలుపు గట్టిగా వేస్తే తిడతావని మాత్రం తెలుసు. అయినా రాయి, ఏ బండి ఎట్లా ఉందో. రిటైరైన టీచర్‌కు చదవడానికి ఏదో ఒకటి కావాలి.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏప్రిల్‌లో మన చర్చిలో కంటి శిబిరం పెట్టినప్పుడు నీ కళ్లు చూసి, పట్నంలో పెద్ద పరీక్ష చేయించుకోమన్నారు. మే నెలలో పోతానన్నావు. పోయావా? ఏమన్నారు? నీ ఉత్తరంలో అక్షరాలు గీతల మీద నిలవడం లేదు. మూడో తరగతిలో నీకు చేతిరాతకు బహుమతి ఇచ్చింది నేనే.

అక్క,
కృప


అజీజ్‌నగర్,
జూన్ 30

అక్కకు వందనాలు.

జానీ ఆటో కుదుపుల్లో కూర్చొని రాస్తే గీత తప్పదా? పరీక్షకు పోయాను. చుక్కల మందు ఇచ్చారు. వయసు మీద పడుతోంది, అంతే అన్నారు. ఆ ఫికర్ వదిలెయ్.

ఇప్పుడు బండ్ల సంగతి విను. మొన్న శుక్రవారం షోరూమ్ వాళ్లు రెండూ ఇక్కడికే తెచ్చారు. ఒకదాని తర్వాత ఒకటి తీసుకొని బీజాపూర్ రోడ్డు మీద చేవెళ్ల వైపు కొంత దూరం పోయి తిరిగి వచ్చాను. సార్ వెనక సీట్లో కూర్చున్నారు.

ముందు తెల్లది. దీంట్లో ఇంజను బలమంతా వెనక చక్రాలకు పోతుంది. నేలకు అంటుకున్నట్టు కూర్చుంటాం. స్టీరింగ్ అరచేతిలో మాట్లాడుతుంది అక్కా. రోడ్డు మీద చిన్న రాయి ఉన్నా చేతికి తెలుస్తుంది. మలుపు దగ్గర నేను ఇంకా తిప్పాలని అనుకుంటుండగానే తిరిగింది. లోపాలు లేవని కాదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర కడుపు రాసుకుంటుంది, అడ్డంగా ఎక్కించాలి. వెనక కూర్చున్నవాళ్లకు కుదుపు నడుముకు గట్టిగా తగులుతుంది.

తర్వాత నీలిది. బలం నాలుగు చక్రాలకూ పోతుంది, వానలో జారదు. పరుగులో తెల్లదానికి ఏమాత్రం తీసిపోదు. గుంతల మీద దూది పరుపులా పోతుంది. సార్ నడుం నొప్పికి అదే నయం. కానీ దాంట్లో ముందు అద్దం వెనక ఒక కెమెరా ఉంది. రోడ్డును అదే చూస్తుంటుందట. ఏదైనా అడ్డం వస్తే కీచుమంటుంది, మనం ఆపకపోతే తనే బ్రేకు వేస్తుంది. పోయి వచ్చేలోపు మూడుసార్లు అరిచింది. మూడోసారి దానంతట అదే ఆగింది. ఫోన్ చూసుకుంటున్న సార్ ముందుకు తూలారు. ఏమైందని అడిగితే, "ఏం లేదు సార్, నీడను చూసి బెదురుతున్నది" అన్నాను. సార్ నవ్వారు.

అట్లాంటి బండి నాకు పనికిరాదు. నాకు డ్రైవింగ్ నేర్పడానికి ఒక మిషన్ కావాలా? గేటు దగ్గర దిగగానే సార్‌కు చెప్పేశాను, తెల్లదే అని. సార్ ఇంకో ప్రశ్న వేయలేదు.

నీ తమ్ముడు,
దాసు


చేవెళ్ల,
జూలై 14

తమ్మీ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. రాయడానికి కూర్చోవడం, లేవడం. ఇదే సరిపోయింది.

తెల్ల బండి ఇంకా రాలేదు కదా? వచ్చేలోపు సార్‌తో ఒక మాట చెప్పి చూడు, నీలిదే తీసుకుందామని. అరిచే బండి అయితే తప్పేముంది? పిల్లవాడు అన్నంలో రాయి ఉందని చెబితే ముద్ద తీసి చూస్తాం గానీ పిల్లవాడిని కొట్టం. సార్ నడుం నొప్పి అని నువ్వే రాశావు. ఆ వంకతో చెప్పొచ్చు. నీ మాట పోదు.

కంటి శిబిరంలో పని చేసే నర్సు ప్రేమమ్మ మొన్న ఇటు వచ్చింది. నీ గురించి అడిగింది. బాగున్నాడని చెప్పాను.

పొద్దు కుంకిన తర్వాత బండి తీయకు. సార్‌కు ఎక్కడికైనా పోవాలనిపిస్తే తొందరగా బయల్దేరమను. వానాకాలం కదా, అందుకని చెబుతున్నాను.

జెన్నీ వచ్చి పోయింది. పరీక్షలు బాగా రాసిందట. ఇంకొక్క ఏడాది.

కృప


అజీజ్‌నగర్,
ఆగస్టు 4

అక్కకు వందనాలు.

బండి వచ్చింది. నువ్వు రాసింది చదివాను గానీ, ఒకసారి సార్‌కు మాట ఇచ్చాక మళ్లీ మార్చడం నాకు ఇష్టం లేదు. మార్చితే ఎందుకు మార్చావని అడుగుతారు. ఆ సంగతి ఇక ఎత్తకు. కళ్ల సంగతి కూడా ఎత్తకు. ప్రతి ఉత్తరంలో అదే చదవడం నాకు కష్టంగా ఉంది.

సార్ భార్య గుమ్మడికాయ తెప్పించింది. నీలమ్మ హారతి పట్టింది. అందరూ లోపలికి పోయిన తర్వాత సార్ నాతో, "నీ వాళ్లను ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పు దాసూ" అన్నారు. నా వాళ్లంటే ఇక్కడ ఎవరున్నారు? కుర్మయ్యను, నీలమ్మను పిలిచాను. కుర్మయ్య వెనక కూర్చున్నాడు, కాళ్లకు మట్టి ఉందని రెండు పాదాలూ గాలిలో ఎత్తి పట్టుకున్నాడు. నీలమ్మ ముందు కూర్చుంది. మామిడి చెట్ల మధ్య బాట మీద తిప్పాను. దిగేటప్పుడు తలుపు ఎట్లా తెరవాలో తెలియక కూర్చుండిపోయింది. నేను చుట్టూ వచ్చి తీశాను. సార్లకు తీసినట్టు ఆమెకు తీశాను. సిగ్గుపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బండి వచ్చినప్పటి నుంచి నేను సంతోషంగా ఉన్నాను. అది నీకు తెలియాలని రాశాను.

దాసు


అజీజ్‌నగర్,
అక్టోబర్ 11

అక్కా,

జానీ నీకు చెప్పే ఉంటాడు. నేను కూడా రాయాలి కదా.

మంగళవారం సాయంత్రం ఆరు దాటింది. సన్నగా వాన. సార్‌ను పట్నం నుంచి తెస్తున్నాను. పెద్ద రోడ్డు దిగి మన ఫామ్‌హౌస్ సందులోకి ఎడమకు తిరిగాను. నీలమ్మ గిర్నీలో జొన్నలు పట్టించుకొని నడిచి వస్తోంది. బండి తగిలింది. దవాఖానకు పోయే దారిలోనే పోయింది.

ఆమె ఒక్కసారిగా అడ్డం వచ్చిందని సార్ పోలీసులకు చెప్పారు. సార్ లాయర్ కూడా అదే రాయించాడు. నేను సంతకం పెట్టాను. నన్ను ఇంటికి పంపించారు.

మూడు రోజులుగా గదిలోంచి బయటికి రాలేదు. కుర్మయ్య వస్తున్నాడు. భార్యను మట్టి చేసి వచ్చిన మనిషి, చుట్టాలు తెచ్చిన అన్నంలోంచి తీసి నాకు తెస్తున్నాడు. నిన్న నా భుజం పట్టుకొని, "నువ్వేం జేస్తవ్ అన్నా, దాని రాత. వానకు తల మీద సంచి కప్పుకున్నది, బండి రావుడు చూసి ఉండది" అన్నాడు. ముద్ద కలిపి చేతికి ఇచ్చాడు. తిన్నాను అక్కా. ఎట్లా తిన్నానో తెలియదు.

దాసు


చేవెళ్ల,
అక్టోబర్ 15

తమ్మీ,

మట్టికి నేను వచ్చాను. నువ్వు గది తలుపు తీయలేదు. ఆడవాళ్ల మధ్య కూర్చొని వచ్చేశాను. నీ తలుపు కొట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది రాయడానికే ఈ కాగితం.

జూలై పదో తారీఖున ప్రేమమ్మ ఊరికే రాలేదు. మే నెలలో పట్నంలో నీకు చేసిన పరీక్ష కాగితం తెచ్చింది. నువ్వు తీసుకోవడానికి పోలేదట. చిరునామా నాది ఇచ్చావు కాబట్టి నాకు అందించింది. నీటికాసులని, రెండు కళ్లకూ పక్క చూపు చాలావరకు పోయిందని, ఎడమవైపు దాదాపు లేదని దాంట్లో ఉంది. బండి నడపకూడదని రాసి, కింద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. ప్రేమమ్మ నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది, "టీచరమ్మా, ఇది ఆయనకు ఈ వారమే చెప్పాలె" అని. చెబుతానన్నాను.

చెప్పలేదు. ఆ కాగితం పింఛను పుస్తకం కింద పెట్టాను. మూడు నెలలు అక్కడే ఉంది. నీలి బండి తీసుకోమని వేడుకున్నాను, పొద్దు కుంకాక నడపొద్దన్నాను. అసలు మాట తప్ప అన్నీ రాశాను.

జెన్నీ చదువు కోసం ఆగానని నాకు నేను చెప్పుకున్నాను. బండి లేకపోతే నువ్వు బతకలేవని చెప్పుకున్నాను. మట్టి రోజు ఆ ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ రెండూ నిలవలేదు. నిజం ఏమిటంటే, పని పోగొట్టుకొని, చూపు లేక నువ్వు నా ఇంటికి వస్తావని, ఈ వయసులో నిన్ను నేను చూసుకోవాల్సి వస్తుందని భయపడ్డాను. ఆ భయంతో కాగితం దాచాను.

నీలమ్మ చెల్లెలు నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.

కాగితం నా దగ్గరే ఉంది. ఏం చేయమంటావో చెప్పు.

కృప


అజీజ్‌నగర్,
అక్టోబర్ 20

అక్కా,

నీ ఉత్తరం చదివి నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆ కాగితం నువ్వు ఇచ్చి ఉన్నా నేను చింపేసేవాడిని. దాంట్లో ఏముందో నాకు మే నెలలోనే తెలుసు.

పట్నంలో ఒక డబ్బాలో తల పెట్టమన్నారు. లోపల వెలుగు చుక్క కనపడినప్పుడల్లా మీట నొక్కాలి. నడిమధ్య రెండు మూడు కనపడ్డాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందేమో అనుకొని తల బయటికి తీశాను. మిషన్ నడుస్తూనే ఉంది. అక్కడి సిస్టర్ నా ముఖం చూసి ఏదో రాసుకుంది. కాగితం వారం తర్వాత వచ్చి తీసుకోమంది. నేను పోలేదు.

ఇంకొకటి నీకు చెప్పాలి. నీలి బండి నీడను చూసి బెదరలేదు.

మొదటిసారి అరిచినప్పుడు ఎడమపక్కన బర్రె ఉంది. బండి అరిచాక తల తిప్పితే కనపడింది. రెండోసారి గడ్డిమోపు ఎత్తుకున్న ఒక ఆడమనిషి. మూడోసారి నాకు ఏమీ కనపడలేదు. బండి ఆగిపోయింది. మళ్లీ కదిలాక అద్దంలో వెనక్కి చూస్తే ఒకాయన సైకిల్ రోడ్డు పక్కకు పడేసి మా వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. సార్ తల ఎత్తి ఉంటే ఆయనా చూసేవారు. ఫోన్ చూసుకుంటున్నారు.

పోయి వచ్చేలోపే మూడుసార్లు. నా చేతిలో ఆ బండి పది రోజులు ఉంటే సార్‌కు అంతా తెలిసిపోతుంది. గేటు దగ్గర దిగకముందే నాకు అర్థమైంది, ఈ బండి వస్తే నా పని పోతుందని. అందుకే తెల్లదన్నాను. స్టీరింగ్ మాట్లాడుతుందని, మలుపులో తిరుగుతుందని రాసినవన్నీ నిజమే. కానీ వాటి కోసం కాదు. తెల్ల బండి నా గురించి ఎవరికీ చెప్పదు. అందుకని.

మంగళవారం నాడు నేను ఆమెను చూడలేదు. అడ్డం రావడం కూడా చూడలేదు. ఏదో తగిలిన చప్పుడు విన్నాను. గేటు స్తంభానికి రాసుకుందేమో, సార్ తిడతారనుకున్నాను. దిగి చూస్తే వానలో పిండి. ఆ తర్వాత ఆమె.

ఒక మనిషి నన్ను నమ్మి, ఏది కొందామని అడిగారు. ఇరవై రెండేళ్ల నమ్మకం అది. దాన్ని నా కళ్లు దాచుకోవడానికి వాడుకున్నాను.

కుర్మయ్య ఇవాళ కూడా గిన్నె తెచ్చాడు. ఇక నాకు శక్తి లేదు. రేపు చెబుతాను.

దాసు


మొయినాబాద్,
నవంబర్ 2

అక్కా,

జానీ ఇంట్లోంచి రాస్తున్నాను. ఫామ్‌హౌస్ గది ఖాళీ చేశాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇరవై ఒకటో తారీఖు మధ్యాహ్నం కుర్మయ్య గులాబీ మళ్లలో కలుపు తీస్తున్నాడు. పోయి అతని ఎదురుగా మట్టిలో కూర్చున్నాను. అన్నీ చెప్పాను. శిబిరం, డబ్బా, నీలి బండి, మూడు అరుపులు. నేను చెబుతున్నంతసేపూ కలుపు తీస్తూనే ఉన్నాడు. నీలమ్మ అడ్డం రాలేదని, ఎడమపక్కన అంచునే నడుస్తూ ఉండి ఉంటుందని చెప్పినప్పుడు చెయ్యి ఆగింది.

అప్పుడు అన్నాడు, "కనపడ్తలేదని నాకన్న చెప్పకపోతివి. నీ పక్కన కూసుందును గదా అన్నా. మనిషి వస్తుండు, బర్రె వస్తున్నది అని చెప్పుకుంట కూసుందును."

నేను కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు. తిట్టలేదు, కొట్టలేదు. లేచి చేతులకున్న మట్టి చూసుకున్నాడు.

"గిన్ని దినాలు నువ్వు ఏడుస్తుంటె బువ్వ తెచ్చి పెట్టిన. గీ చేతుల్తోని కలిపి పెట్టిన" అన్నాడు.

అంతే. కలుపు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్నే అన్న ఇంటికి, కొండకల్‌కు పోయాడట. గది తలుపు తీసే ఉంది. నేను లోపలికి తొంగి చూడలేదు.

కుర్మయ్యకు చెప్పిన రోజే స్టేషన్‌కు పోయి, ముందు రాయించింది అబద్ధమని చెప్పాను. ఎస్సై రెండుసార్లు అడిగాడు, ఎవరైనా బెదిరించారా అని. లేదన్నాను. కొత్తగా రాసుకొని అరెస్టు చేశారు. జానీ వచ్చి జామీను ఇచ్చాడు. లైసెన్సు తీసుకున్నారు. టేబుల్ మీద పెట్టమంటే పెట్టాను. నేను ఏమీ అనుకోలేదు. అక్కడేదో అనిపించాలి కదా, ఏమీ అనిపించలేదు.

సార్ పిలిపించారు. కోపంగా లేరు. అదే కష్టంగా ఉంది. "ఎవరూ అడగలేదు. ఎందుకు చెప్పావు దాసూ?" అన్నారు. ఆ తర్వాత, "నా మనవలను కూడా ఎక్కించుకొని తిప్పావు కదా" అన్నారు. ఆ మాట అన్నాక నా వైపు చూడలేదు. తెల్ల బండిని ఇచ్చేస్తున్నారు. నీలిది బుక్ చేశారని వాచ్‌మన్ చెప్పాడు.

జెన్నీ ఫోన్ చేసింది. విన్నది, మళ్లీ మాట్లాడతానని పెట్టేసింది. ఇంకా చేయలేదు. ఆ పిల్ల దవాఖానలో ఇట్లాంటి మనుషులకు కట్లు కడుతుంది.

నువ్వు దాచిన కాగితం లాయర్ అడుగుతున్నాడు. కోర్టులో పెట్టాలట. జానీకి ఇచ్చి పంపు. నీ పేరు ఎవరికీ చెప్పలేదు, చెప్పను. తప్పు నాది, నేను మోస్తాను.

దాసు


చేవెళ్ల,
నవంబర్ 12

తమ్మీ,

కాగితం జానీకి ఇస్తున్నాను, కానీ దానికంటే ముందు దాన్ని ఇంకొకరికి చూపించాను. నా పేరు చెప్పనని రాశావు. అది చదివాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. నా భాగం నువ్వు మోస్తే, నేను మళ్లీ దాచినట్టే అవుతుంది.

మొన్న పొద్దున జానీ ఆటోలో కొండకల్ పోయాను. కుర్మయ్య అన్న ఇల్లు ఊరి చివర ఉంది. జానీని ఆటో దగ్గరే ఉండమన్నాను. కుర్మయ్య వాకిట్లో మంచం మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. టీచరమ్మ అని ఇంకా గౌరవం. కూర్చోమని మంచం చూపించాడు. నేను కూర్చోలేదు.

చదువు రాని మనిషికి కాగితం ఇస్తే ఏం లాభం? నోటితోనే చెప్పాను. ఇది జూలై నుంచి నా ఇంట్లో ఉందని, ఆ వారమే చెప్పి ఉంటే నీలమ్మ బతికి ఉండేదని చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. క్షమించమని అడగలేదు. అడగాలని పోయాను గానీ ఆయన ముఖం చూశాక అడగలేకపోయాను.

ఆయన కాగితం తీసుకొని చూశాడు. ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టాడు. తల వంచుకొని, నేలను చూస్తూ మాట్లాడాడు. నాకు ఒక్క మాట అందలేదు తమ్మీ. పెదాలైనా చూద్దామంటే తల ఎత్తలేదు. గట్టిగా చెప్పమని, మళ్లీ చెప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన చాలాసేపు మాట్లాడాడు. మధ్యలో ఒకసారి చెయ్యి ఎత్తి ఎటో చూపించాడు. ఒకసారి నవ్వినట్టు కూడా అనిపించింది, పాత సంగతి ఏదో గుర్తొచ్చినట్టు. ఆయన ఆపేదాకా నిలబడి ఉన్నాను. ఆపాక కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

అది తిట్టడమో, క్షమించడమో, ఆమె గురించి చెప్పుకోవడమో నాకు తెలియదు. అక్కడ వినేవాళ్లు ఇంకెవరూ లేరు. మళ్లీ పోయి అడిగే ముఖం నాకు లేదు.

నీకోసం ముందు గదిలో మంచం వేయించాను. జెన్నీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, ఆ పిల్లను తొందరపెట్టను. పందొమ్మిదిన కోర్టులో వాయిదా అని జానీ చెప్పాడు. నేనూ వస్తాను. జడ్జి అడిగితే కాగితం సంగతి నేనే చెబుతాను.

ముప్పై ఏళ్లుగా ఆదివారం బడిలో పిల్లలకు చెబుతున్నాను, నిజం ఒప్పుకుంటే మనసు తేలికవుతుందని. నువ్వు ఒప్పుకున్నావు. నేను ఒప్పుకున్నాను. నీకు తేలికైందేమో నాకు తెలియదు. నాకు కాలేదు. నిన్న పిల్లలు ఎప్పటిలా చాప మీద వరసగా కూర్చున్నారు. పాఠం తెరిస్తే అదే వచ్చింది. చదవలేకపోయాను. ప్రార్థన చేయించి, అరగంట ముందే ఇళ్లకు పంపించేశాను.

కృప